‘ఎం.ఆర్.’ అన్న రెండక్షరాల కింద

మా తమ్ముడికి ఏడేళ్ళు నిండిన సంవత్సరం, 1985లో, ఒక వైద్యుడు వాణ్ణి పది నిమిషాలు చూసి చీటీ మీద ‘ఎం.ఆర్.’ అని రాసి ఇచ్చారు. మెంటల్ రిటార్డేషన్, అంటే బుద్ధిమాంద్యం. ఆ తరవాత బడికైనా, బస్సు పాసుకైనా, పింఛనుకైనా ఎక్కడికి వెళ్ళినా ఆ రెండక్షరాలే ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి ఎక్కుతూ వచ్చాయి. బంధువుల్లో కొందరు వాణ్ణి ‘అమాయకుడు’ అన్నారు, కొందరు ‘బుర్ర ఎదగలేదు’ అన్నారు, మా నాన్నగారు చివరిదాకా ‘మొండివాడు’ అనే అన్నారు. వాడికి ఆటిజం, అంటే ఎదుటివారితో ఇచ్చిపుచ్చుకోవడంలో పుట్టుకనుంచీ తేడా ఉండే స్థితి, కూడా ఉందని మాకు తెలిసింది 2024 చివరలో, నలభై ఆరేళ్ళ వయసులో. అప్పటినుంచి నన్ను వదలని ప్రశ్న ఒక్కటే: మా తమ్ముడిలా బుద్ధిమాంద్యం అన్న మాట కింద ఆటిజం ఉండిపోయిన పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ముందుగా మాటల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. ఇంగ్లండు వాళ్ళు ‘లెర్నింగ్ డిజెబిలిటీ’ అని రాస్తే దాని అర్థం మనం ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నది, పాత కాగితాల్లో బుద్ధిమాంద్యం అని ఉన్నది. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న ‘ప్రత్యేక అభ్యసన వైకల్యం’ వేరు. తెలివితేటలు మామూలుగానే ఉండి చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో మాత్రమే ఇబ్బంది పడే డిస్లెక్సియా వంటివి దాని కిందికి వస్తాయి. నేను చెప్పబోయే లెక్కలన్నీ మేధో వైకల్యం ఉన్నవారి గురించే.

ఆ లెక్కల్లో నాకు తెలిసినంతలో బాగా జాగ్రత్తగా చేసినది ఇంగ్లండులోనే జరిగింది. 2007లో అక్కడ ఇంటింటికీ వెళ్ళి ఏడు వేలమందికి పైగా పెద్దవాళ్ళను మానసిక ఆరోగ్యం గురించి ప్రశ్నించిన ప్రభుత్వ సర్వేలో ఆటిజాన్ని కూడా వెతికారు. నూటికి ఒకరికి ఉన్నట్టు తేలింది. వయసు పెరిగినకొద్దీ ఆ నిష్పత్తి చెప్పుకోదగినంతగా తగ్గలేదన్నది అందులో నేను పట్టుకున్న విషయం, ఎందుకంటే ‘మా రోజుల్లో ఈ జబ్బే లేదు’ అనే పెద్దలకు అంతకంటే సూటి సమాధానం లేదు. అయితే ఆ సర్వేలో ఒక పెద్ద ఖాళీ ఉంది. కూర్చుని ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవారే అందులోకి వచ్చారు. మాట్లాడలేనివారు, సంరక్షణ గృహాల్లో ఉండేవారు రాలేదు. లెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోవైద్య ఆచార్యుడు టెరీ బ్రుగా బృందం ఆ ఖాళీని పూరించడానికి లెస్టర్ ప్రాంతం, షెఫీల్డ్, లండన్‌లోని లాంబెత్‌లలో మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళ జాబితాలు తీసుకుని, వాళ్ళు ఉన్న చోటికే వెళ్ళి, వాళ్ళను ఎరిగిన మనుషులతో మాట్లాడి, వాళ్ళను స్వయంగా గమనించి చూసింది. 2012లో వెలువడిన ఆ నివేదిక ప్రకారం, మేధో వైకల్యంతో ఇళ్ళలో ఉంటున్న పెద్దవాళ్ళలో నూటికి 31 మందికి, సంరక్షణ గృహాల్లో ఉంటున్నవారిలో నూటికి 35 మందికి ఆటిజం ఉంది. అంటే ముగ్గురిలో ఒకరికి.

ఆ సంఖ్యను మొదటిసారి చదివిన రోజు నాకు వాంబే కాలనీ మలుపులో రోజూ అరుగు మీద కూర్చుని కనిపించే ఒక పెద్దమనిషి, మా అమ్మ పుట్టింటి వీధిలో తలుపు చాటునే పెరిగి అక్కడే ముసలిదైపోయిన ఒక అమ్మాయి, మా తమ్ముడితోపాటు ప్రత్యేక పాఠశాలలో చదివినవాళ్ళు, అందరూ వరసగా గుర్తుకు వచ్చారు. మా తమ్ముడి కేసు అరుదైనదని అప్పటిదాకా అనుకున్నాను. అరుదు కాదు.

ఇక్కడ ఒక సందేహం సహజంగా వస్తుంది. మేధో వైకల్యం ఉన్నవారిలో మూడోవంతుకు ఆటిజం ఉంటే, ఆటిజం ఉన్నవారంతా ఇంచుమించు మేధో వైకల్యం ఉన్నవారే అయి ఉండాలి కదా? కాదు. ఇంగ్లండులో ఈ కొత్త లెక్కను పాత లెక్కకు కలిపినప్పుడు మొత్తం జనాభాలో నిష్పత్తి నూటికి 1.0 నుంచి 1.1కి మాత్రమే పెరిగింది. మేధో వైకల్యం ఉన్నవారి సంఖ్య మొత్తం జనాభాలో చాలా చిన్నది కాబట్టి వాళ్ళలో మూడోవంతు చేరినా పెద్ద లెక్క కదలదు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళలో అధికులు ఉద్యోగాలు చేసుకుంటూనో, ఇంట్లో ఒదిగి ఒంటరిగానో, ఎవరికీ తెలియకుండా మామూలు తెలివితేటలతోనే బతుకుతున్నారు. అమెరికాలో 2025లో ప్రకటించిన లెక్క దీన్నే మరోవైపు నుంచి చూపిస్తుంది: అక్కడ ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందిలో ఒకరికి ఆటిజం గుర్తించగా, తెలివితేటల పరీక్ష వివరాలు దొరికినవారిలో మేధో వైకల్యం కూడా ఉన్నవారు నూటికి 40 మంది లోపే. రెండు గుంపులు ఒకదానిలో ఒకటి కొంతమేర కలుస్తాయి. మాట రానివాళ్ళు, తమకేమి కావాలో ఎవరికీ చెప్పుకోలేనివాళ్ళు ఎక్కువగా ఉన్నది ఆ కలిసిన చోటే.

మరి వాళ్ళు ఎందుకు కనిపించలేదు? ఒక కారణం చరిత్రలో ఉంది. లియో కానర్ పదకొండుమంది పిల్లల గురించి రాసి ఈ స్థితికి పేరు పెట్టింది 1943లో. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ గ్రంథంలో అది విడి స్థితిగా చోటు సంపాదించుకున్నది 1980లో. మన 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలున్నాయి, బుద్ధిమాంద్యం ఉంది, ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్టు చట్టం ఆ పేరు ఎత్తింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని, మేధో వైకల్యాన్ని విడివిడిగా చేర్చింది. మా తమ్ముడి తరం వాళ్ళు ధ్రువపత్రాలు తెచ్చుకునే నాటికి రాయడానికి ఆ ఒక్క మాటే ఉంది. మాట లేనిచోట దాన్ని రాయలేదని ఆనాటి వైద్యులను నేను తప్పుపట్టను.

రెండో కారణాన్ని మాత్రం క్షమించడం కష్టం. ఒక మనిషికి మేధో వైకల్యం ఉందని తేలాక, అతను చేసే ప్రతి పనికీ దాన్నే కారణంగా చెప్పి ఊరుకోవడం అనే అలవాటును 1982లో స్టీవెన్ రైస్, ఆయన సహచరులు పరిశోధించి చూపించారు. ఒక పెద్ద నిర్ధారణ నీడ పడి, దాని కింద ఉన్న మరొకటి కనిపించకుండా పోతుంది. చెవులు మూసుకుంటే ‘ఎం.ఆర్. కదా’, రాత్రంతా నిద్రపోకపోతే ‘ఎం.ఆర్. కదా’, పంటి నొప్పితో గోడకు తల కొట్టుకున్నా ‘ఎం.ఆర్. కదా’. మా తమ్ముడికి పిప్పిపన్ను ఉందని ఏడాదిన్నరపాటు మేము కూడా కనుక్కోలేకపోయాము.

వైద్యుల మాట పక్కన పెట్టి, ఇంట్లోనైనా తేడా ఎలా తెలుస్తుందని నన్ను అడిగినవారికి నేను చందమామ గురించే చెబుతున్నాను. మన ఇళ్ళలో బిడ్డను చంకనెత్తుకుని గోరుముద్దలు తినిపించే తల్లి ఆకాశం వైపు వేలు చాపి చందమామను చూపిస్తుంది. ఏడాది నిండిన బిడ్డ ఆ వేలు చూపిన దిక్కుకు చూస్తాడు, మళ్ళీ తల్లి ముఖంలోకి చూస్తాడు, ఇద్దరూ ఒకేదాన్ని చూస్తున్నామన్న సంతోషం ఆ ముఖంలో ఉంటుంది. ఎదుగుదల మందగించిన బిడ్డలో ఇది ఆలస్యంగా వస్తుంది, కానీ సాధారణంగా వస్తుంది. నాలుగేళ్ళ పిల్లవాడి తెలివి ఉన్న ముప్ఫై ఏళ్ళ మనిషి నాలుగేళ్ళ పిల్లవాడిలాగే తన కొత్త చొక్కా అందరికీ చూపించి మురుస్తాడు. ఆటిజం ఉన్నచోట ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఆ మనిషి మిగతా తెలివితో పోల్చినా వెనకబడి ఉంటుంది. మా అమ్మ ఎన్ని వందల సార్లు చూపించినా మా తమ్ముడు చందమామను చూడలేదు, అమ్మ వేలినే చూసేవాడు. మంచినీళ్ళు కావలసివస్తే అమ్మ మణికట్టు పట్టుకుని కుండ దాకా తీసుకువెళ్ళి ఆ చేతిని చెంబు మీద పెట్టేవాడు, అమ్మ ముఖం వంక మాత్రం చూసేవాడు కాదు. ఇప్పటికీ అంతే. బయటికి వెళ్ళాలనిపిస్తే ‘ప్రయాణికులకు గమనిక’ అంటాడు. చిన్నప్పుడు బస్టాండులో విన్న ఆ మాటను నలభై ఏళ్ళుగా తన సొంత మాటగా వాడుకుంటున్నాడు. దాన్ని మేము అర్థంలేని వల్లెవేత అనుకున్నాము.

ఈ తేడాను పట్టుకోవడం ఎప్పుడూ తేలిక కాదని ఒప్పుకోవాలి. మేధో వైకల్యం అతి తీవ్రంగా ఉన్నవారిలో, మొత్తం ఎదుగుదలే ఏడాదిన్నర బిడ్డ స్థాయి దాటనప్పుడు, ఏది దేనివల్లో విడదీయడం అనుభవజ్ఞులకు కూడా కష్టం. చూపు లేకపోవడం, వినికిడి లేకపోవడం, ఏళ్ళ తరబడి ఒక గదిలో ఉండిపోవడం కూడా ఆటిజంలా కనిపించే ప్రవర్తనను కలిగించగలవు. జన్యు కారణాన్ని బట్టి కూడా నిష్పత్తి మారుతుంది: అనేక అధ్యయనాలను కలిపి 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నూటికి 16 మందికి, ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న మగవారిలో నూటికి 30 మందికి ఆటిజం లక్షణాలు కనిపించాయి. డౌన్ సిండ్రోమ్ పిల్లలంటే అందరితో కలివిడిగా ఉంటారన్న నమ్మకం వల్ల ఆ పదహారుమంది మరింత మరుగున పడిపోతారు.

ఆడవాళ్ళ సంగతి విడిగా చెప్పాలి. మామూలుగా ఆటిజం మగవాళ్ళలోనే ఎక్కువని చదువుతాము, ఇంగ్లండు నివేదికలో కూడా మొత్తం జనాభాలో మగవారిలో నూటికి 2, ఆడవారిలో 0.3 అని ఉంది. కానీ అదే బృందం 2016లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఒక మోస్తరు నుంచి అతి తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారిలో ఈ తేడా దాదాపు మాయమవుతుంది. మన ఊళ్ళలో అలాంటి ఆడపిల్ల అలికిడి లేకుండా మూల కూర్చుంటే ‘నెమ్మదైన పిల్ల, పేచీ పెట్టదు’ అని మెచ్చుకుంటారు. పేచీ పెట్టనివారిని ఏ వైద్యుడి దగ్గరికీ తీసుకువెళ్ళరు.

పేరు తెలియకపోవడం వల్ల జరిగే నష్టం ఏమిటో మాకు బుడమేరు చూపించింది. 2024 సెప్టెంబరు 1న ఆ వాగు పొంగి విజయవాడలో మేముండే సింగ్‌నగర్ మునిగినప్పుడు మా కింది వాటా కప్పు దాకా నీళ్ళు వచ్చాయి. రెండు రాత్రులు మేడ మీద ఉండి, పడవలో బయటపడి, గుంటూరులో బ్రాడీపేటలో ఉన్న మా మేనత్తగారి ఇంటికి చేరుకున్నాము. తమ్ముడి స్టీలు కంచం, వాడు రోజూ కడిగి ఆరబెట్టి దొంతరగా పెట్టుకునే పాల ప్యాకెట్లు, వాడి గోడ మూల, ఏవీ మాతో రాలేదు. కొత్త ఇల్లు, వచ్చేపోయే మనుషులు, ఆగకుండా మోగే టీవీ. నాలుగు రాత్రులు నిద్రలేదు, నుదురు గోడకు కొట్టుకుని చీల్చుకున్నాడు, ఆపబోయిన మా అమ్మ చెయ్యి కొరికాడు. తీసుకువెళ్ళిన మొదటి వైద్యుడు పాత చీటీ చూసి, మానసిక రోగాలకు ఇచ్చే రిస్పెరిడోన్ అనే మందు మోతాదు పెంచి రాశారు. మూడు వారాల్లో వాడి చేతులు వణకడం మొదలై గ్లాసు పట్టుకోలేకపోయాడు, నోటి నుంచి చొంగ కారింది. కొట్టుకోవడం మాత్రం ఆగలేదు.

ఆ మందు చెడ్డదని నేను అనడం లేదు. అవసరమైనవారికి అది ఆసరా. కానీ మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళలో దుడుకు ప్రవర్తనకు రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర, ఈ మూడింటినీ పోల్చిన ప్రయోగం ఒకటి 2008లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మతిభ్రమణం లేని 86 మందిపై చేసిన ఆ ప్రయోగంలో మూడు గుంపుల్లోనూ దుడుకుతనం తగ్గింది, అన్నిటికంటే ఎక్కువగా తగ్గింది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో. ఇలాంటి మందులు అవసరానికి మించి ఇవ్వడాన్ని ఆపడానికి ఇంగ్లండు ఆరోగ్య వ్యవస్థ 2016లో ఒక కార్యక్రమాన్నే మొదలుపెట్టింది. నా తమ్ముడికి ఆ రోజుల్లో వచ్చినది రోగం కాదు. అలవాటైన ప్రపంచమంతా ఒక్క రాత్రిలో కొట్టుకుపోయిన మనిషికి కలిగే భయం అది, దాన్ని చెప్పడానికి వాడికి మాట లేదు.

రెండోసారి చూసిన ఒక యువ వైద్యురాలు మా అమ్మను అడిగిన మొదటి ప్రశ్న, “నీళ్ళు కావాలంటే ఎలా అడుగుతాడమ్మా?” అని. ఆ తరవాత రెండు దఫాలుగా గంటలకొద్దీ మాట్లాడి, వాణ్ణి గమనించి ఆటిజం అని రాశారు. మందు మెల్లగా తగ్గించారు. టీవీ ఆపమన్నారు, రోజంతటి పనులను బొమ్మలుగా గీసి గోడకు అంటించమన్నారు, కుక్కర్ పెట్టేముందు వాడికి చెప్పి పక్క గదికి పంపమన్నారు. సరిగ్గా అలాంటి కంచమే ఒకటి బీసెంట్ రోడ్డులో దొరికింది. నవంబరుకు వాడు నిద్రపోతున్నాడు.

మన దేశంలో ఇలాంటివారు ఎంతమందో చెప్పే లెక్క లేదు, ఎందుకంటే అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగలేదు. 2011 జనగణనలో నమోదైన 2.68 కోట్ల మంది దివ్యాంగుల్లో 15 లక్షల మంది బుద్ధిమాంద్యం గడిలో ఉన్నారు. ఆటిజానికి గడే లేదు. హైదరాబాదుతో సహా ఐదు ప్రాంతాల్లో జరిగి 2018లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలనే చూసింది. ఆటిజం ధ్రువపత్రాల కోసం మనం వాడే కొలబద్ద సికింద్రాబాదులో మేధో వైకల్యం కోసం ఉన్న జాతీయ సంస్థలో 2009లో తయారైంది. 40 అంశాలున్న ఆ కొలబద్దను తయారుచేసేటప్పుడు పరీక్షించినది 3 నుంచి 22 ఏళ్ళ వయసు వారిని. సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా ఆటిజం థెరపీ అని కనిపించే బోర్డుల మీద ఉండేవి పసిపిల్లల బొమ్మలే. ఆ పిల్లలకు దొరుకుతున్నదాన్ని చూసి నాకు సంతోషమే కలుగుతుంది, కానీ వాళ్ళు కూడా నలభై ఏళ్ళ మనుషులు అవుతారు.

ఇంగ్లండు నిష్పత్తిని తెచ్చి మన పదిహేను లక్షల మీద ముద్ర వేయడం సరికాదని నాకు తెలుసు. అక్కడి జాబితాలు వేరు, ఇక్కడి లెక్క వేరు. అయినా నా అనుమానం ఒకటి చెబుతాను. మన జనగణనలో గుమ్మం దగ్గర అడిగిన ప్రశ్నకు ఇంటివాళ్ళు ‘ఉంది’ అని చెప్పేది వైకల్యం బయటికి స్పష్టంగా కనిపించినప్పుడే. స్వల్పంగా ఉన్నవారు ఆ గడిలోకి రారు. వైకల్యం తీవ్రంగా ఉన్నవారిలోనే ఆటిజం ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, మన గడిలో ఉన్నవారిలో నిష్పత్తి మూడోవంతు కంటే తక్కువ ఉంటుందనుకోవడానికి నాకు కారణం కనిపించడం లేదు.

‘ఇప్పుడు తెలిసి ఏం లాభం?’ అని మా మేనత్తగారే అడిగారు, ఆవిడ ప్రేమతోనే అడిగారు. నిజమే, కాగితం మీద మాట మారినంత మాత్రాన పింఛను పెరగదు, నేషనల్ ట్రస్టు చట్టం కింద వచ్చే సదుపాయాలు రెంటికీ ఒకటే. నలభై ఆరేళ్ళ మనిషికి మాటలు వస్తాయని కూడా ఎవరూ మాట ఇవ్వలేదు. వాడి పక్కన ఉండే మేము మారాము, వచ్చిన లాభం అదే. అమ్మ ఇప్పుడు కొళాయి దగ్గర వాణ్ణి గదమదు. వాడు ‘ప్రయాణికులకు గమనిక’ అంటే చెప్పులు తీసి గుమ్మంలో పెడుతుంది. రేపు మేము లేని రోజున వాణ్ణి చూసుకునేవారికి ఇవ్వడానికి ఆ యువ వైద్యురాలు రాసిన నాలుగు పేజీలు ఉన్నాయి; అంతకుముందు ఇవ్వడానికి రెండక్షరాలే ఉండేవి.

ఇంగ్లండులో 2012లో వైద్యుల కోసం వెలువరించిన మార్గదర్శకాలు ఈ పనిని సులువుగా మొదలుపెట్టే దారి చూపించాయి. ఒక మోస్తరు లేదా తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళ విషయంలో వాళ్ళను బాగా ఎరిగిన ఒకరిని ఆరు సంగతులు అడగమంటాయి: ఎదుటివారితో ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బంది ఉందా, మనుషులకు స్పందించడం తక్కువగా ఉందా, ఎక్కడికి వెళ్ళినా ఎవరున్నా ప్రవర్తన ఒకేలా ఉంటుందా, ఎదుటివారి బాధకు కరిగినట్టు కనిపించడం అరుదా, దినచర్య మారితే తట్టుకోలేరా, చేసిందే చేస్తూ ఉంటారా, ముఖ్యంగా మనసు కలతపడినప్పుడు. వీటిలో రెండు ఉన్నా పూర్తి పరీక్ష చేయాలన్నది వాటి మాట. దీనికి యంత్రం అక్కరలేదు, స్కానింగు అక్కరలేదు. విజయవాడలోనూ గుంటూరులోనూ వైకల్య ధ్రువపత్రం కొత్తది రాసినా పాతది పొడిగించినా, ‘ఎం.ఆర్.’ అని ఉన్న ప్రతి పెద్దమనిషి విషయంలోనూ ఈ ఆరు ప్రశ్నలు అడగాలని నేను కోరుతున్నాను.

పూర్తి పరీక్షకు మాత్రం బాల్యం గురించి చెప్పగలిగినవారు కావాలి, ఇక్కడ మనకు గడువు తక్కువ. నలభై ఏళ్ళ వాళ్ళ బాల్యాన్ని ఎరిగిన తల్లులకు ఇప్పుడు డెబ్భై దాటుతున్నాయి. అలాంటి తల్లులున్న ఇళ్ళలో ఒక నోటుపుస్తకం తెరిచి వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి ఉంచండి: ఎప్పుడు నడిచాడు, పిలిస్తే తిరిగి చూసేవాడా, మాట వచ్చి పోయిందా, దేనికి భయపడేవాడు. మా అమ్మకు డెబ్భై నాలుగు. తమ్ముడు మూడో ఏట ‘అత్త’ అనేవాడని, తరవాత ఆ మాట పోయిందని ఆవిడ ఒకసారి అంటుంది, అసలు ఎప్పుడూ అనలేదని ఇంకోసారి అంటుంది. ఆ ఏడాదంతా మా ఇంట్లో ఉండి వాణ్ణి ఎత్తుకు తిరిగినది తెనాలి పిన్ని. ఆమెకు చూపు మందగించింది, ఫోనులో సరిగా వినపడదు. ఈ ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని తెనాలి వెళుతున్నాను.